చాటుగా, మర్యాదగా

“జెండా కాల్చటానికి పోలీస్ స్టేషనే దొరికిందా నీకు?”

హెడ్ కానిస్టేబుల్ ఖలందర్ అరుపుకి కరుణమ్మ ఒక్కడుగు వెనక్కేసింది గానీ మెట్టు దిగలేదు. ఉతికిన దుప్పట్లో చుట్టి తెచ్చిన నూలు జెండా విప్పి చూపించింది. సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ముకి తెలుపంతా బూడిదరంగైంది. లారీల గాలికి అంచు పీలికలైంది.

“చిరిగింది ఎగరెయ్యకూడదంట గదయ్యా. పారేస్తే కేసంట. నాకు కాళ్లూ చేతులూ ఆడటంలా.”

“పంచాయతీ ఆఫీసులో ఇయ్యి.”

“పోయొచ్చా. బడికి పొమ్మన్నారు. బడోళ్లేమో మాకెందుకన్నారు.”

ఖలందర్ విసుక్కుంటూనే ఫోన్‌లో వెతికాడు. “ఇదిగో, రూలు ఉంది. పాడైన జెండాని ముక్కలు చెయ్యకుండా, చాటుగా, మర్యాదగా కాల్చాలి. ఇంటికి పోయి అట్టా చెయ్యి.”

“మా ఇల్లు రోడ్డు మీదే. చాటెక్కడిది? ఎవడన్నా వీడియో తీసి, కరుణమ్మ జెండా తగలబెట్టిందని పంపితే? నా మాట ఎవరు నమ్ముతారు? ఈ స్టేషన్ వెనకైతే జనం తిరగరు గందా. మీరు ఎదురుగా ఉంటారు.”

“ఎవర్నీ రానియ్యొద్దని ఎస్సై గారి ఆర్డరు. నిన్నటి గొడవలో పట్టుకొచ్చినోళ్లు లోపలున్నారు. ఊరు అసలే ఉడికిపోతంది.”

“లోపలికి రానయ్యా. దొడ్లోనే. ఆయనొచ్చేలోపు పోతా.”

ఖలందర్ జెండా వంక చూశాడు. పండగ మర్నాడు మురిక్కాలవల్లో తేలే జెండాల్ని చానా చూశాడతను.

“రా. తొందరగా కానియ్యి.”

వెనక, కేసుల్లో పట్టుకొచ్చిన బళ్లు తుప్పుపట్టి ఉన్నాయి. అతను చూపించిన మూల ఆమెకు నచ్చలేదు.

“అక్కడ పెట్రోలు కారుద్దేమో,” అంటూ పోయి దొడ్డి మధ్యలో కూర్చుంది. జెండా పరిచింది. దులిపింది. మడత పెట్టింది. మళ్లీ విప్పింది.

“ఏందమ్మా ఇది?”

“మర్యాదగా అన్నావుగా నాయనా. తొందరపెట్టమాక.”

అగ్గిపుల్ల గీసింది. ఆరిపోయింది. ఇంకోటీ అంతే.

“ఇన్నాళ్లూ ఎండకీ వానకీ ఓర్చుకున్నావు. ఇంకాస్త ఓర్చుకో,” అంది జెండాతో, గట్టిగా. “నిన్నెవరూ వదిలెయ్యలా. నేనొచ్చా.”

ఖలందర్‌కి నవ్వొచ్చింది. “అంత కేకలెందుకు? దానికేమన్నా చెవుడా?”

“చెవుడు నాకయ్యా.”

మంట అంటుకుంది. ఖలందర్ నవ్వు ఆగింది. స్టేషన్ గోడకి వీపు పెట్టి, టోపీ సర్దుకుని సెల్యూట్ కొట్టాడు. కరుణమ్మ తలెత్తి పొగ అవతలికి చూస్తూ ఉండిపోయింది. పెదవులు కదులుతున్నాయి. చెంపల మీద నీళ్లు.

“పొగ కొడతంది, ఇటు జరుగమ్మా.”

“ఇక్కడే బాగుందయ్యా.”

“ఐపోయింది గదా, ఇంక పో.”

“బూడిద చల్లారనియ్యి నాయనా. మట్టిలో కలిపి పోతా. ఒక్క నిమిషం.”

గేటు దగ్గర జీపు హారన్ మోగింది.

“ఎస్సై గారొచ్చారు! లే, లే! నా ఉద్యోగం పోద్ది!”

కరుణమ్మ బూడిదని కొంగులోకి ఎత్తుకుంది. వేళ్లు కాలినా పట్టించుకోలేదు. నాలుగడుగులు వేసి, ఉండబట్టలేక వెనక్కి తిరిగింది.

లాకప్ కిటికీ ఊచలు పట్టుకుని, ఆమె కొడుకు ఇంకా తన కాళ్ల మీద నిలబడగలుగుతున్నాడు.