పదకొండు అడుగులు

"ఈ ఇల్లే కొందాం. ఇంకో మాట లేదు," అంది భార్య వంటగది గుమ్మంలో నిలబడి.

"ఆ గోడలు చూడు. ఎవరో ముతక రంగు కొట్టి చేతులు దులుపుకున్నారు. ఎదురుగా కడుతున్నదైతే పూత దగ్గర్నుంచీ మనిష్టం," అన్నాడు భర్త. పాతికేళ్లుగా ఊళ్లోవాళ్ల ఇళ్లకు రంగులు వేస్తున్న మనిషి. చొక్కాకు తనే నల్లదారంతో కుట్టుకున్న తెల్ల బొత్తాం వేలాడుతోంది.

"అది పూర్తయ్యేసరికి రెండేళ్లు."

"రెండేళ్లెంతలో గడిచిపోతాయి?"

ఆమెకు డాక్టరు చెప్పిందీ రెండేళ్లే. చూపు అంచుల నుంచి లోపలికి మూసుకొస్తోందనీ, అంతకు మించి ఆశ పెట్టుకోవద్దనీ నాలుగు నెలల కిందట చెప్పాడు. ఆ కాగితాన్ని కుట్టుమిషను సొరుగులో బొత్తాల డబ్బా కింద దాచింది. చెబితే ఈయన బ్రష్షు అవతల పారేసి ఆస్పత్రుల చుట్టూ తిరుగుతాడు. అన్నం మానేస్తాడు. ముందు ఇల్లు కావాలి. చూపు ఉండగానే బట్టీ పట్టేయగలిగిన ఇల్లు.

ఆయన బాల్కనీలోకి వెళ్లగానే ఆమె పడగ్గది తలుపు దగ్గర నిలబడి కళ్లు మూసుకుంది. లెక్కపెట్టుకుంటూ నడిచింది. వంటగది గట్టు చేతికి తగిలేసరికి పదకొండు అడుగులు. స్విచ్చి ఎడమవైపు, భుజమంత ఎత్తులో.

"ఏంటి, దాగుడుమూతలా?"

ఉలిక్కిపడి కళ్లు తెరిచింది. "నేల చల్లగా ఉందో లేదో చూస్తున్నా."

"కళ్లు మూసుకుంటేగానీ చల్లదనం తెలీదా నీకు?" అని నవ్వబోయి ఆగిపోయాడు.

"సాయంత్రంలోగా మాట చెప్పకపోతే దీన్ని ఇంకెవరికో ఇచ్చేస్తారట. ఒక్కసారైనా నా మాట నెగ్గనివ్వరా?"

"మనింట్లో ఎవరి మాట నెగ్గుతుందో వీధిలో ఎవర్నైనా అడుగు. ఈ ఒక్కటీ నాకొదిలెయ్యి. ఒకసారి అటొచ్చి చూడు. ఆ తర్వాత నీ ఇష్టం."

రోడ్డు దాటుతుంటే ఆయన ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. ఈమధ్య ఎప్పుడూ అంతే. వయసు మీద పడ్డాక మురిపెం ఎక్కువైందనుకుంది.

"మెట్లకు ఇంకా అడ్డుకమ్మీలు లేవు. నువ్వు కింద కూర్చో," అని కుర్చీ లాగి వేసి, టేపు పట్టుకుని ఆయన పైకి వెళ్లాడు.

ఆమె తలెత్తి చూసింది. స్తంభాలు. చువ్వలు. రెండో అంతస్తులో సగం లేచిన ఇటుక గోడ. ఇక్కడ బట్టీ పట్టడానికి ఏముంది? ఇది ఇల్లయ్యేనాటికి తనకు చీకటే. గోడలకు ఈయన ఏరి ఏరి రంగులు వేస్తాడు, ఎలా ఉందో చెప్పమంటాడు. రంగుల పిచ్చి మనిషి! పైటకొంగుతో కళ్లు తుడుచుకుంది. పైకి వెళ్లి అంతా చెప్పేసి, రోడ్డవతలి ఇంటికే ఒప్పించాలని లేచింది.

ప్లాను కాగితం చుట్టి చంకలో పెట్టుకున్న మేస్త్రీ ఎదురొచ్చాడు.

"పెయింటరుగారి ఇంటావిడేనా అమ్మా? మీవారితో వేగలేకపోతున్నాను. మూడు నెలల నుంచి వారం వారం వచ్చి నా ప్రాణం తోడేస్తున్నారు."

"రంగుల కోసమేనా?"

"రంగులా? ఆ మాటే ఎత్తలేదు! పడగ్గది గోడ గాజులా నున్నగా ఉండాలట. హాల్లో గోడ ఇసకలా గరుగ్గా, వంటగదిలో గోడ గీతలు గీతలుగా. మూలలన్నీ గుండ్రంగా తిప్పాలట. గుమ్మాల్లో కాలికి ఏదీ అడ్డు తగలకూడదట. నేను తాపీ పట్టాక ఒకే ఇంటికి మూడు రకాల పూత వెయ్యలేదమ్మా. ఎందుకయ్యా ఈ తిప్పలు అని నిన్న గట్టిగానే అడిగాను."

"ఏమన్నారు?"

మేస్త్రీ మెట్ల వైపు చూసి గొంతు తగ్గించాడు.

"'గోడ మీద చెయ్యి వెయ్యగానే తను ఏ గదిలో ఉందో మా ఆవిడకి తెలియాలి' అన్నారమ్మా."