కళ్లకద్దుకున్న వేలు

"పెద్ద డయోడ్ ఏస్తే షాక్ ఆగుతది కాక, కాని డాటా గుడ ఆగుతది. పెన్‌డ్రైవ్ లైన్ల అది మస్తు స్పీడ్‌గ ఉరుకుతది. గందుకే ఈపారి సన్నది ఏసిన," అంటూ కళ బోర్డుకు కరెంటిచ్చింది.

ఓదెలు సాంచాను, ఆ మరమగ్గాన్ని, నడిపే బోర్డు అది. నెలలో మూడోసారి కాలి, ధామన్కర్ నాకాలోని ఆమె రిపేరు దుకాణానికి వచ్చింది. పెన్‌డ్రైవ్‌లోని పూల డిజైను తెర మీద వెలిగింది.

ఓదెలు ముఖం విప్పారింది. భుజం మీది గుడ్డతో పెన్‌డ్రైవ్ పెట్టేచోట గట్టిగా రుద్ది, వేలితో తాకి, కళ్లకద్దుకోబోయాడు.

టప్‌మంది. తెర నల్లబడింది.

"రోజు గిట్లనే చేస్తవా కాక?"

"తుడిచి మొక్కినంకనే పని మొదలువెడుత. మన సాంచా మీద నేసిన పాలిస్టరే బిడ్డ ఈ గుడ్డ."

ఏ డయోడ్ వెయ్యాలో తెలియక నెల రోజులుగా తల బద్దలుకొట్టుకుంటున్న కళ చూపు ఆ గుడ్డ మీద ఆగింది. రుద్దినప్పుడు షాక్ పుట్టేది ఆ పాలిస్టరులో, బోర్డుకు తగిలేది ఆ వేలితో.

"ఆ గుడ్డతోని రుద్దకు కాక. దూరం నుంచే మొక్కు."

"అన్నం పెట్టేదాన్ని ముట్టకుండ మొక్కుడేంది బిడ్డ?"

చచ్చిన బోర్డును ఒళ్లోకి తీసుకుని, తప్పు చేసినవాడిలా, ఓదెలు మళ్లీ ఆ గుడ్డతోనే మెల్లగా తుడవసాగాడు.

కళ అతన్ని ఆపలేకపోయింది.