బూట్లలో తేయాకు

ఓబద్యా కాళ్ళ నుంచి బూట్లు ఊడబెరికి బోర్లించేసరికి, ముద్దగా తడిసిన నల్లటి ఆకు గుప్పెడు నేల మీద పడింది. కెజీయాకు పైప్రాణాలు పైనే పోయాయి.

"ఇదేంటయ్యా? తేయాకు!"

"రాత్రి సముద్రం ఆటు మీద ఉందే. పోసింది పోసినట్టే గుట్టలు పడుతుంటే, నీళ్ళలోకి దిగి తొక్కాం. అప్పుడు దూరినట్టుంది," అని నసిగాడు మొగుడు. చెవుల వెనక మసి ఇంకా వదల్లేదు.

ముఖాలకు మసి పూసుకున్న జనం ఓడలెక్కి, రాజుగారు పన్ను వేసిన తేయాకునంతా సముద్రం పాలు చేశారని తెల్లారేసరికి బోస్టన్ అంతా గుప్పుమంది. ఎవరెవరో మాత్రం ఎవరికీ తెలియదు. పక్కవాడి పేరు అడగనని, తన పేరు చెప్పనని ప్రతివాడూ బైబిలు మీద ఒట్టేసి మరీ ఓడ ఎక్కాడు.

తలుపు దబదబా మోగింది.

"తియ్యండి! షెరీఫు గారి మనుషులం! ఇల్లు సోదా చెయ్యాలి!"

ఓబద్యా ముఖంలో నెత్తురుచుక్క లేదు. దొరికినవాళ్ళను లండను పంపి ఉరి తీస్తారని వీధిలో అప్పుడే చెప్పుకుంటున్నారు. కెజీయా ఆలోచించలేదు. కింద పడ్డదీ బూట్లలో మిగిలిందీ కలిపి, పొయ్యి మీద మరుగుతున్న కెటిల్లో వేసి మూత పెట్టింది. బూట్లను బల్ల కిందికి తన్ని, మొగుడి చెవులు తడిగుడ్డతో తోమి, తలుపు తీసింది.

కంగారులో ఒక్క సంగతి మరిచిపోయింది. మరిగే నీళ్ళలో పడ్డ తేయాకు గప్‌చుప్‌గా ఉండదు. లోపలికి అడుగుపెట్టిన అధికారి ముక్కు ఎగబీల్చాడు.

"ఏమమ్మా, టీ కాస్తున్నావా?"

"కాస్తున్నా దొరా!" భయానికి ఆమె గొంతు వీధి చివరి దాకా వినబడింది. "ఊరు ఊరంతా మానేసినా మేం మానలేదు. రాజుగారికి పన్ను కట్టిన టీ గొంతులో పడితేగానీ మా ఆయనకు తెల్లారదు!"

అధికారి నవ్వాడు. "టీ కోసం ఇంత ప్రాణం పెట్టేవాడు దాన్ని సముద్రంలో ఎందుకు పోస్తాడు? పదండ్రా. ఈ పాడు ఊళ్ళో రాజభక్తి ఉన్న కొంప ఒక్కటైనా కనబడింది."

వాళ్ళు వెళ్ళాక ఓబద్యా కుర్చీలో కూలబడ్డాడు. "బతికించావే."

"అప్పుడే అనకు. అటు చూడు."

ఎదురింటి టాబిత గుమ్మంలో నిలబడి అంతా విన్నది. తేయాకు ముట్టబోమని ఈ వీధి ఆడవాళ్ళందరి చేతా ఒట్టు పెట్టించింది ఆవిడే. చేతిలో దారపు ఉండ అక్కడే పారేసి రేవు వైపు పరుగు తీసింది.

పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది వాళ్ళ పని. కాసేపటికే గుంపు వచ్చేసింది. కాగే తారు బొక్కెన ఒకడి చేతిలో, బాతు ఈకల దిండు టాబిత చంకలో. ఒంటికి తారు పూసి ఈకలు అద్దడం రాజు పక్షం వాళ్ళకు ఆ ఊరు వేసే శిక్ష. ముందు నడుస్తున్నవాడు పీపాలు చేసే గమలీయేలు.

"రాజు తొత్తు! బయటికి రారా!"

"టీ తాగుతావేం? రా, ఈకల చొక్కా తొడుగుతాం!"

"మనిషి బాగా పొడుగు, ఒక్క దిండు సరిపోదర్రా!"

ఓబద్యా గుమ్మంలోకి వచ్చి నోరు తెరిచాడు, మూశాడు. చెబితే ఒట్టు తప్పినట్టు. చెప్పినా నమ్మేదెవరు? కాగే తారు చూస్తే ఎవడైనా నేనూ ఓడ ఎక్కాననే అంటాడు.

కెజీయా మొగుడికి అడ్డంగా నిలబడింది. "అది టీ కాదు. ఈయనకి రొంప పట్టిందని కషాయం పెట్టా."

"షెరీఫు మనుషులతో టీ అన్నావుగా! నా చెవులతో విన్నా!" అరిచింది టాబిత.

"వాళ్ళతో నిజం చెప్పాలని ఏ బైబిల్లో ఉందమ్మా?"

గుంపులో ఒకరిద్దరు నవ్వారు. గమలీయేలు నవ్వలేదు. "రుచి చూస్తే తెలిసిపోతుంది. టీ అయితే మాత్రం నన్ను తిట్టుకోకు వదినా."

తారు కంపులో ఎవరికీ వేరే వాసన తెలియడం లేదు గానీ, నాలుకను మోసం చెయ్యడం ఎలా? అయిపోయింది, అనుకుంది కెజీయా. గమలీయేలు లోపలికి వచ్చి, కెటిల్లోది గిన్నెలోకి వంచుకుని ఒక్క గుక్క పుచ్చుకున్నాడు. ముఖం చిట్లించాడు. గిన్నెలోకి చూశాడు. తర్వాత బల్ల కింద తడి బూట్లకేసి చాలాసేపు చూశాడు.

గుమ్మంలోకి వెళ్ళి గట్టిగా ఉమ్మేశాడు. "కషాయమేనర్రా! నోట్లో పెట్టుకోలేం. ఆ తారు పట్టుకెళ్ళి పడవలకు పూసుకోండి, పొండి!"

గుంపు ఉసూరుమంటూ కదిలింది. టాబిత దిండు చంకలో పెట్టుకుని గొణుక్కుంటూ వెళ్ళింది.

గమలీయేలు గిన్నె కెజీయా చేతికిచ్చి, గొంతు తగ్గించి అన్నాడు:

"మా ఆవిడ పొద్దున మంచినీళ్ళతో రెండుసార్లు కడిగి మరీ కాచింది వదినా. అప్పుడు ఇంత ఉప్పగా ఉండదు."