చెవిపోగు మీద ఫోకస్

నాన్న తన స్టూడియోలో తీసిన ఒక పాప ఫోటోని ఫోటోగ్రాఫర్ల గ్రూపులో పెట్టాను. నాన్నకు చదవడం రాదు కాబట్టి, వచ్చిన కామెంట్లు నేనే చదివి వినిపిస్తాను.

“వెలుతురు చాలా బాగుందండీ. ఫోకస్ మాత్రం పాప కళ్ళ మీద కాకుండా చెవిపోగు మీద పడింది. ఏమీ అనుకోకండి” అని ఒకతను రాశాడు.

రేపటి పెళ్ళికని కెమెరా తుడుచుకుంటున్న నాన్న నవ్వాడు. “ఏమీ అనుకోవద్దన్నాడంటే గట్టిగానే వాయించాడన్నమాట! ఏదీ, పెద్దది చేసి చూపించు.”

చేశాను. పాప కళ్ళు మసకగా ఉన్నాయి. నాన్న ఫోన్‌ని ముక్కు దాకా తెచ్చుకుని చూశాడు.

“కళ్ళు అద్దంలా మెరుస్తుంటేనూ! పాపం, అతనికే చూపు ఆనడం లేదేమో. డాక్టరుకి చూపించుకోమని రాయి.”

ఫోన్ తీసుకుని, నాన్న కళ్ళకేసి చూశాను.

“మెల్లగా చెప్పు తల్లీ, నొచ్చుకుంటాడు” అన్నాడు నాన్న.