కుడిచేతి గోళ్లు

ఆ మనిషి కుడిచేతి గోళ్లు చూడగానే పాండురంగయ్య కుర్చీలోంచి లేచాడు.

"రాప్పా, రా. పొద్దున్నించి నీకోసరమే కాసుకోనుండాం."

గుమ్మం వెనక నిలబడ్డ కన్యకకు నవ్వొచ్చింది. పెళ్లయి ఇరవై రెండు రోజులు. మామగారు ఎవరికోసమైనా లేవడం చూడటం ఇదే మొదలు.

బొంబాయి మిల్లు నుంచి పత్తి చూసే గ్రేడరు ఆ వారమే ఆదోనికి రావాలి. కిందటేడాది వచ్చినాయనకు కుడిచేతికి ఇలాగే పొడుగు గోళ్లు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దూది పట్టి లాగి, పోగు పొడుగు చెప్పేవాడు. పైగా ఈయన చేతిలో పొడుగాటి నల్లపెట్టె కూడా ఉంది.

"ఆ పెట్టెలో శాంపిళ్లుంటాయి," అన్నాడు కన్యక భర్త వెంకటేశులు, ఆమె చెవిలో.

చెవిలో చెప్పాల్సినంత రహస్యం కాదది. అయినా చెవిలోనే చెప్పాడు.

ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు వచ్చాయి. ఆయన మొహమాటపడుతూ తిన్నాడు.

"శెట్టిగారూ, నేను మంచినీళ్ల కోసరం..."

"నీళ్లేంది, టీ తాగుదువు. ముందు ఇది సూడు." పాండురంగయ్య పక్కనున్న పత్తి బేలులోంచి పిడికెడు దూది పీకి ఆయన చేతిలో పెట్టాడు.

దూదిని చూసి ఆయన మొహం వెలిగింది.

"మాయమ్మ జహీరాబీ ఈ ఊరి జిన్నింగు మిల్లులోనే పనిజేసేది. ఇట్ల లాగి సూపించేది నాకు," అంటూ లాగాడు.

గట్టిగా నొక్కిన దూది. లోపల విరిగిన గింజ.

టక్‌మంది.

బొటనవేలి గోరు సగానికి విరిగి వేలాడింది. ఆయన మొహం పాలిపోయింది.

"గోరే గదప్పా! మళ్లీ మొలుస్తాది."

"రేపు సాయంత్రానికి మొలవదు శెట్టిగారూ." ఆయన పెట్టె తెరిచాడు. అందులో గిటారు.

"అంటే... నువ్వు గ్రేడరు కాదా?"

"ఈ గోళ్లతోనే గిటారు వాయిస్తా. ఖాదర్ వలి నా పేరు. పక్కూరు పెద్దకడుబూరులో అమ్మ సమాధి సూసుకోని, బొంబాయి రైలుకు పోతాండా."

పాండురంగయ్య మళ్లీ కుర్చీలో కూలబడ్డాడు. "ఇంతసేపూ పాటగాడికా బజ్జీలు వడ్డించినాం!"

వెంకటేశులు పకపకా నవ్వాడు. కన్యక నవ్వలేదు.

"రేపేముందన్నా?"

"బొంబాయిలో కచేరీ ఉందమ్మా. కొత్త రచన. రాసినాయప్ప ఆస్పత్రిలో ఉండాడు. దాన్ని వాయించమంటే అందరూ తిప్పి పంపినారు. రేపు మంచంతో సహా మోసుకొస్తారంట వినేదానికి. మళ్లీ ఇంకో రోజు అనేదానికి ఆయనకు టైము లేదు."

"తెలిసిన పాత పాటేదో లాగించేస్తే పాయె," అన్నాడు వెంకటేశులు.

"సచ్చిపోయినోళ్లవి వాయించేదానికి శానామంది ఉండారప్పా. బతికుండేటోళ్లకే ఎవురూ లేరు."

కన్యక గాజులు గలగలమంటుండగా లోపలికి పరుగెత్తింది. పెళ్లి ఫోటోలు ఆల్బంలో అతికించుకుంటున్న తుమ్మజిగురు సీసా పట్టుకొచ్చింది.

"మామా, మంచి పొడుగు పోగులు తీసివ్వండి."

పాండురంగయ్య గొణిగాడు. గొణుగుతూనే లేచి పొడుగు పింజ వరలక్ష్మి రకం పత్తి మూట విప్పాడు. ముప్పై ఏళ్లుగా దూది తప్ప మరొకటి ఎరగని వేళ్లతో దువ్వి దువ్వి, వెంట్రుక కన్నా సన్నని పోగులు ఏరి కోడలి అరచేతిలో పెట్టాడు.

విరిగిన గోటిని ఆనించి పట్టి, పోగు మీద పోగు. జిగురు మీద జిగురు. వెంకటేశులు విసనకర్రతో విసిరాడు. ఆరాక ఖాదర్ వలి జేబులోంచి గరుకు కాగితం తీసి, గోటిని అద్దంలా నునుపు చేసుకున్నాడు.

"నిలుస్తాదో లేదో సూడల్లమ్మా."

వసారాలో కూర్చుని వాయించాడు.

మొదట ఒక్క తీగ. చాలాసేపు నిశ్శబ్దం. తర్వాత గిటారు చెక్క మీద వేళ్లతో దరువు. ఉన్నట్టుండి అన్ని తీగలూ ఒక్కసారి పొంగాయి. మళ్లీ ఒక్క తీగ, ఊపిరి పీల్చినంత మెల్లగా.

కూనిరాగం తీయడానికి అందులో వరస లేదు. అయినా కన్యక ఒళ్లు జలదరించింది. మామగారి ఎదుటే మొగుడి చెయ్యి గట్టిగా పట్టుకుందని ఆమెకు తెలియనే లేదు.

తీగలు ఆగాయి.

"శ్రుతి సేసుకునేది అయిపాయెనా?" అన్నాడు పాండురంగయ్య. "ఇంక పాట మొదలుపెట్టు."

"పాట అయిపోయింది శెట్టిగారూ."

ఖాదర్ వలి గోరు చూసుకున్నాడు. చెక్కుచెదరలేదు. కన్యకకు రెండు చేతులూ జోడించి, స్టేషన్ వైపు నడిచాడు.

మర్నాడు అసలు గ్రేడరు వచ్చాడు, గోళ్లన్నీ పొట్టిగా కత్తిరించుకుని.

ఏడేళ్లపాటు ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ ఆ కథ చెప్పి పాండురంగయ్య నవ్వించాడు. "శ్రుతి సేసుకోని పోయినాడప్పా, పాట మాత్రం పాడలే!"

ఎనభై ఆరులో ఒక ఆదివారం ఇంగ్లీషు పేపర్లో కన్యకకు ఆ పొడుగు గోళ్ల చెయ్యి కనిపించింది. పక్కన ఖాదర్ వలి ఫోటో. కిందటి వారం పోయాడట.

ఆమె చదువుతూ తెలుగులో చెబుతోంది. పద్నాలుగు దేశాల్లో సంగీతం రాసేవాళ్లు ఆయన చేతుల కోసం నూట నలభై రచనలు చేశారట. మరెవరూ ముట్టని వాటిని మొట్టమొదట ఆయనే లోకానికి వినిపించాడట. మంచం మీద పడుకుని విన్న ఆ బొంబాయి ఆయన కచేరీ తర్వాత మూడు రోజులు బతికాడట. ఆ రచనను ఇప్పుడు దేశదేశాల్లో నేర్చుకుంటున్నారట.

పాండురంగయ్య నవ్వడం మానేశాడు.

ఆ రచన మొదటి పేజీ కూడా పేపర్లో అచ్చయింది. పైన, రాసినాయన ఆ మూడు రోజుల్లో సొంత చేత్తో పెట్టిన ఒక వాక్యం. కన్యక రెండుసార్లు చదువుకుంది. తర్వాత మామగారికి వినిపించింది:

"మొదటిసారి వాయించినది ఖాదర్ వలి, ఆదోనిలో, పత్తి వ్యాపారి పాండురంగయ్య గారి వసారాలో."