మీటరులో పడని ఖర్చు

కరెంటు పోయి చాలాసేపయింది. మంచం పక్కనున్న ఊపిరి మిషను బ్యాటరీ మీద నడుస్తూ మధ్యమధ్య కీచుమంటోంది.

కోడలు కాలు కాలిన పిల్లిలా కిటికీకీ అత్తగారి మంచానికీ మధ్య తిరుగుతోంది. బయట గాలివాన. కరెంటు ఆఫీసులో ఫోను ఎవరూ ఎత్తడం లేదు.

తలుపు చప్పుడైంది. గుమ్మంలో తడిసిన గొడుగుతో ఓ అమ్మాయి.

"ఇళ్లల్లో కరెంటు, గ్యాసు వాడకం మీద సర్వే అక్కా. నాలుగు ప్రశ్నలంతే."

"కరెంటే లేని కొంపలో కరెంటు సర్వే ఏంటమ్మా! వేళాకోళమా?"

"వానకి మీ మెట్ల దగ్గర చిక్కుకుపోయాను. ఊరికే నిలబడ్డమెందుకని..."

కోడలు విసుగ్గా స్టూలు చూపించింది.

"ఫ్రిజ్జు, ఏసీ, గీజరు?"

"అన్నీ ఉన్నాయి. అన్నీ చచ్చి కూర్చున్నాయి."

"ఈ ఏడు కొన్న బట్టలు, సామాన్లు?"

"బట్టలకీ కరెంటుకీ ఏం సంబంధం?"

"అవి తయారై ఇక్కడికి రావడానికి ఎక్కడో కరెంటో డీజిలో ఖర్చవుతుంది కదక్కా. మీ మీటర్లో పడదు గానీ, అదీ మీ ఇంటి వాడకమే."

"బాగుంది! ఎవడో ఎక్కడో కాల్చుకుంటే అదీ మా నెత్తినేనా?"

ఈసారి మిషను ఆగకుండా కీచుమంది. పెద్దావిడ గుండెలు ఎగిసిపడుతున్నాయి.

ఆ అమ్మాయి చటుక్కున లేచింది. పెద్దావిడను లేవదీసి, వీపు వెనక దిళ్లు సర్ది, పేపరు మడిచి విసరసాగింది.

"మెల్లగా పీల్చండి మామ్మగారూ. నావంకే చూడండి."

రెండో చేత్తో ఎవరికో ఫోను చేసింది.

"తెలుసు... ఇంకోసారైతే నేనే ఆగమందును. ఇక్కడ పెద్దావిడకి ఊపిరాడ్డం లేదు. ఈ వీధి ఒక్కటీ చూడవా?"

"ఎవరికి?" అంది కోడలు.

"తెలిసిన మనిషికక్కా."

"ఇంతసేపూ మా ఫోనే ఎత్తనివాళ్లు నీ మాట వింటారా!"

ఆ అమ్మాయి విసురుతూనే మాటిమాటికీ కిటికీలోంచి బయటికి చూసింది.

ఉన్నట్టుండి ఫ్యాను తిరిగింది. ఫ్రిజ్జు గుర్రుమంది. మిషను కీచులాట ఆపింది.

"హమ్మయ్య!" కోడలు కుర్చీలో కూలబడింది.

"అక్కా, ఇంకో రెండు ప్రశ్నలు..."

"చాలు తల్లీ. పొద్దుట్నుంచీ ప్రాణం తోడేస్తోంది, ఇంకా పొయ్యే వెలిగించలేదు. మళ్లీ ఎప్పుడైనా రా."

ఆ అమ్మాయి చెప్పులు తొడుక్కోకముందే తలుపు మూసుకుంది. అవతల ఆమె ఎవరికో ఫోను చేస్తూ, మళ్లీ మళ్లీ చేస్తూ, గబగబా మెట్లు దిగడం వినిపించింది.

సాయంత్రం పక్కింటావిడ కంగారుగా వచ్చింది.

"విన్నావా? మన వీధి చివర లైన్‌మన్ స్తంభం మీంచి పడ్డాడట. ఫ్యూజు వేసి దిగుతుంటే ఈదురుగాలికి పట్టు తప్పిందట. ఆస్పత్రికి చేర్చేసరికే అంతా అయిపోయిందట."

"అయ్యో! అంత గాలిలో ఎందుకెక్కాడు?"

"గాలి తగ్గేదాకా ఎవరూ ఎక్కొద్దనే చెప్పారట. ఎవరింట్లోనో పెద్దావిడకి ఊపిరాడ్డం లేదని ఫోనొచ్చిందట. ఆగలేకపోయాడట."

కోడలు అత్తగారి మంచం వంక తిరిగింది.

"ఎవరట... ఆ ఫోను చేసింది?"

"అతని భార్యేనట. ఇంటింటికీ తిరిగి ఏదో సర్వే చేసుకుంటుందట, పాపం."