బొమ్మకు రాసిన మాట

పెద్దతల్లి అనే ముసలామె సముద్రపు రేవు నుంచి పదకొండు గంటల బస్సులో పలాస వచ్చి, జానకిరామ్ ఫొటో స్టూడియో మెట్ల దగ్గర చెప్పులు విడిచింది.

కొంగుముడి విప్పి, నాలుగు మడతల కరపత్రం ఒకటి, అక్కడ పనిచేసే హేమ బల్ల మీద పరిచింది.

ఏదో సేవాసంస్థ ముద్రించిన కాగితం. చుట్టూ ఇసుక తప్ప మరేమీ మిగలకుండా కత్తిరించిన బొమ్మలో ఒక ముసలి మనిషి కుడిచెయ్యి ముందుకు చాచి నిలబడి ఉంది. కింద పెద్ద అక్షరాలు: 'ఈ చేతిలో ఒక్క ముద్ద పెట్టండి.'

"ఇది నువ్వేనా మామ్మా?"

"నేనేనమ్మా. ఈ రాతెవరు రాసినారు?"

ఆ వాక్యం రాసింది సంస్థవారు. వారికి ఆ బొమ్మ దొరికేలా చేసింది మాత్రం హేమ.

జానకిరామ్ తీసిన ఫొటోలు విదేశీ వెబ్‌సైటులో అమ్మకానికి ఉంటాయి. ఒక్కొక్క ఫొటోకూ ఇంగ్లీషులో యాభై మాటలు రాసిపెట్టడం హేమ ఉద్యోగం. కొనేవారు ఏ మాట కొట్టి వెతికితే, ఆ మాట ఉన్న బొమ్మలు పైకి వస్తాయి. సంస్థవారు 'బెగ్గర్' అని కొట్టారు. పెద్దతల్లి పైకి వచ్చింది.

ముసలామె అడగవచ్చింది వేరు. ఆమెకు మిగిలింది మోహిని అనే మనవరాలు ఒక్కతే. టెక్కలి హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. ఈ కాగితాన్ని ఎవరో హాస్టల్ గోడకు అంటించారు. మీ రేవులో తీసిందట, ఎవరీవిడ అని పిల్లలు అడిగితే, తెలియదని చెప్పింది మోహిని. ఆ తరువాత మూడు ఆదివారాలు ఇంటికి రాలేదు.

"దాన్నేటనను? అడుక్కునేదాని మనవరాలంటే దానికి మాత్రం సిగ్గుండదా? ఆ మాటొకటి తీసీమ్మా. పిల్ల ఇంటికొత్తాది."

హేమ కఠినురాలు కాదు. కుర్చీ వేసింది, టీ తెప్పించింది, కంప్యూటరులో బొమ్మను తెరిచి మాటల జాబితాను తెలుగు చేసి వినిపించింది. వృద్ధురాలు, పేదరికం, ఆకలి, వితంతువు, బిచ్చగత్తె.

అబద్ధపు మాట రాస్తే వెబ్‌సైటువారు ఖాతా మూసేస్తారు. మూడేళ్లలో తాను ఒక్క అబద్ధమూ రాయలేదన్నది హేమ గర్వం. అందుచేత తొందరపడి తీసివేయకుండా, న్యాయంగా విచారించింది.

"ఆ రోజు అక్కడ ఎందుకు నిలబడ్డావు మామ్మా?"

"పడవలొచ్చే ఏలమ్మా అది."

"పడవలవాళ్లు నీకేమైనా ఇస్తారా?"

"ఇత్తారు. పడవకి నాలుగు సేపలు."

"నీకు పడవ ఉందా? వల ఉందా?"

"మా ముసిలోడు పోయినాక రెండూ అమ్మీసినాం."

చెయ్యి చాచిన మాట నిజం. చేపలు పుచ్చుకున్న మాట నిజం. డిగ్రీ చదివిన హేమకు ఆ రెండు నిజాలను కలిపే మాట ఒక్కటే తెలుసు.

అయినా, ఎంతో మెత్తగా అడిగింది.

"మరి దాన్నేమనాలి? నువ్వే చెప్పు మామ్మా, అదే రాస్తాను."

ఆ పనికి పెద్దతల్లి ఊళ్లో పేరు లేదు. అందరికీ తెలిసినదానికి ఎవరు పేరు పెడతారు?

"పేరేటుంటాదమ్మా. నానక్కడ నిలబడతాను, అంతే."

యజమానితో మాట్లాడి చూస్తానని హేమ అంది. మాట్లాడలేదు. ఆ ఫొటో ఆ మాట మీదే అమ్ముడవుతోందని ఆమెకు తెలుసు.

వెళ్లబోతూ పెద్దతల్లి, ఎండు నెత్తళ్ల చేపల పొట్లం ఒకటి బల్ల మీద పెట్టింది.

"సిక్కిపోయి ఉన్నావు. ఏయించుకుని తిను," అంది.

నెల తిరిగాక పడవల ఫొటోలకు అదే రేవుకు బయలుదేరుతూ జానకిరామ్ హేమను కూడా తీసుకువెళ్లాడు. పని కళ్లారా చూస్తే మాటలు సరిగా పడతాయని అతని ఉద్దేశం.

వాళ్లు చేరేసరికి పొద్దు బారెడెక్కింది. ఆరు పడవలు కెరటాలకు అవతల వరసగా ఆగి ఉన్నాయి. ఒడ్డున ఆడవాళ్లు ఖాళీ తట్టలతో నిలబడ్డారు. ముందురోజు తిరగబడిన ఏడో పడవ ఇసుకలో రెండు ముక్కలై పడి ఉంది.

ఆ పడవ ఢిల్లీరావు అనే జాలరిది. తలకు కట్టుతో దాని పక్కనే కూర్చున్నాడు.

ఆ పడవలు ఒడ్డుకెందుకు రావడం లేదని హేమ అతణ్ణి అడిగింది.

"సంద్రం మీంచి సూత్తే కెరటం ఈపే అగుపడతాదమ్మా. ఎక్కడిరుగుతాదో ఒడ్డునున్నోళ్లకే తెలుత్తాది. పెద్ద కెరటాలెల్లిపోయినాక, ఇప్పుడు రండని ఒకలు సెప్పాల. సెప్పే మనిషి పోయి పదిరోజులైంది."

"ఇంకెవరూ చెప్పలేరా?"

"సెప్పొచ్చు. తప్పితే పేణాలు పోతాయి. అందుకే ఎవలూ ముందుకి రారు."

మోకాలిలోతు నీళ్లలో, చుడీదారు తడిసిన అమ్మాయి ఒకతె పెదవులు కదుపుతూ కెరటాలు లెక్కపెడుతోంది. చెయ్యి ఎత్తబోయి, దించుకుంది. మళ్లీ ఎత్తబోయి, మళ్లీ దించుకుంది.

"ఆ పిల్లెవరు?"

"మోహిని. టెక్కలిలో సదూతాది. కబురంది, సదువాపీసి వచ్చీసింది."



మూడు పెద్ద కెరటాలు ఒకదాని వెనక ఒకటి విరిగి, నురగ సన్నబడింది.

మోహిని కుడిచెయ్యి ముందుకు చాచింది; ఈసారి దించలేదు.

ముప్పై ఏళ్లుగా పెద్దతల్లి చేతిని చూసి వచ్చినట్టే, ఆరు పడవలూ ఆ చేతిని చూసి ఒడ్డుకు తిరిగాయి.